అరకులో స్థలం చూడ్డానికి వెళ్లాం

మొదటి రోజు: రైల్లో పైకి

విశాఖపట్నం నుంచి అరకుకి సుమారు 115 కిలోమీటర్ల రోడ్డు, బస్సులు బోలెడు, కారుంటే ఇంకా సుఖం. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు నా మాట విని పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కండి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా పోయే ఈ దారిని కేకే లైను అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. 58 సొరంగాలు. శృంగవరపుకోట, బొడ్డవర దాటగానే రైలు వేగం తగ్గి కొండని పట్టుకుంటుంది, ఇక అక్కణ్ణుంచి శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస ఇలా ఒక్కో స్టేషనూ ఎక్కుతూ పోతుంటే కిటికీ దగ్గర గాలి మారిపోవడం ఒంటికి తెలుస్తుంది. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు, పెద్దవాళ్లు కూడా పెట్టారు.

మేం వెళ్లింది మాత్రం సరదాకి కాదు. మా బావగారు రిటైరయ్యాక చల్లటి చోట ఒక చిన్న ఇల్లు కట్టుకుని సగం సంవత్సరం అక్కడే ఉండాలని గట్టిగా అనుకున్నారు. ఆయనకి పొద్దున్నే రెండు గంటలు నడవకపోతే రోజు గడవదు, చెట్లంటే ప్రాణం. ఫోన్‌లో వచ్చే 'అరకు ఫామ్ ప్లాట్లు' వీడియోలు చూసి ఒక బ్రోకర్‌తో మాట్లాడారు. "తోడుగా నువ్వూ వెళ్లు, ఈయన కొండ కనిపిస్తే సంతకం పెట్టేసేలా ఉన్నారు" అని అక్క నాకు ఫోన్ చేసింది. ఏజెన్సీ భూముల గురించి కాస్త చదివినవాణ్ణి కాబట్టి నాకు ముందునుంచీ అనుమానమే, కానీ ఆయన కళ్లతో ఆయన చూడాలి కదా అని ఊరుకున్నా.

మధ్యాహ్నానికి అరకులో దిగాం. టౌనుకి దూరంగా ఒక కొండదొర కుటుంబం నడిపే హోమ్‌స్టేలో గది తీసుకున్నాం. రెండు గదులు, వరండా, ఎదురుగా మడులు, వాటి వెనక పసుపుపచ్చటి వలిసె పూల చేలు. సాయంత్రం ఐదున్నరకే స్వెట్టర్ కావాల్సి వచ్చింది. చేసిందేమీ లేదు ఆ రోజు, చీకటి పడేదాకా నడిచాం, అంతే.

రెండో రోజు: ప్లాట్లు

బ్రోకర్ తొమ్మిదింటికి కారేసుకుని వచ్చాడు. మైదానం నుంచి వచ్చినవాడే, మాట చాలా మర్యాద. టౌను దాటి మట్టి రోడ్డు మీద కొంతదూరం వెళ్లాక ఒక వాలు దగ్గర ఆపాడు. స్థలం బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తూర్పు వైపు లోయ మొత్తం కనిపిస్తుంది, కింద గెడ్డ, అంటే వాగు, పారుతున్న చప్పుడు, పొగమంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. తెల్లరంగు వేసిన రాళ్లు పాతి ఐదేసి సెంట్లుగా విడగొట్టారు. బావగారు ఒక మూల నిలబడి ఇల్లు ఎటు ముఖం పెట్టాలో అప్పుడే లెక్కేస్తున్నారు.

రిజిస్ట్రేషన్ ఎలా అని నేను అడిగాను. దానికి మూడు దారులున్నాయన్నాడు. మొదటిది, స్థలం ఇక్కడి గిరిజనుడి పేరు మీదే ఉంటుంది, మనకి నోటరీ అగ్రిమెంటూ పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తాడు. రెండోది 99 ఏళ్ల లీజు. మూడోది, పక్కనే ఇంకో బిట్ ఉంది, అది ఎప్పటినుంచో గిరిజనేతరుడి పట్టా, "నాన్ ట్రైబల్ టు నాన్ ట్రైబల్ సార్, దానికి అసలు ప్రాబ్లమే లేదు" అన్నాడు.

మూడూ చెల్లవు. ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ మూడు మాటలే నమ్మి చాలామంది జీవితకాలం దాచుకున్న డబ్బు పోసేస్తున్నారు.

అరకు, పాడేరు ప్రాంతం రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద ఉన్న షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనులకి ప్రత్యేక రక్షణలున్న ప్రాంతం. ఇక్కడ భూమి చేతులు మారడాన్ని 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ కట్టడి చేస్తుంది, దాన్ని 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో బాగా బిగించారు. జనం నోట్లో అదే 'వన్ ఆఫ్ సెవెంటీ'. దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో స్థిరాస్తిని ఎవరు అమ్మినా, అంటే గిరిజనుడు అమ్మినా గిరిజనేతరుడు అమ్మినా, కొనేది షెడ్యూల్డ్ తెగకి చెందిన మనిషో, పూర్తిగా వాళ్లతోనే ఏర్పడిన సహకార సంఘమో అయ్యుండాలి. లేకపోతే ఆ బదిలీ మొదటినుంచీ లేనట్టే లెక్క. కాబట్టి మూడో దారి మూసుకుపోయింది. బదిలీ అన్న మాటకి ఆ చట్టం ఇచ్చిన అర్థంలో అమ్మకం, తాకట్టు, లీజు, దానం, మార్పిడి, చివరికి ఆ ఆస్తికి సంబంధించిన ఒప్పందం కూడా ఉన్నాయి. కాబట్టి లీజూ పోయింది, అగ్రిమెంటూ పోయింది. పైగా గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి ఏదైనా సరే గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది స్వాధీనంలో ఉన్నవాడే. సుప్రీంకోర్టు 1988లో ఈ చట్టాన్ని నిలబెట్టింది. ఇక వేరేవాళ్ల పేరు మీద మనం డబ్బు పెట్టి కొనడం బినామీ చట్టం కిందికి కూడా వస్తుంది.

ఇంత కఠినంగా ఎందుకు చేశారంటే దాని వెనక చాలా చరిత్ర ఉంది. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పు, బట్ట, విత్తనం అప్పుగా ఇచ్చి, వడ్డీ కట్టలేకపోతే పొలం రాయించుకోవడం ఈ మన్యంలో తరాల తరబడి నడిచింది. ఇంగ్లీషువాళ్లు సైతం 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం తేవాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్నాం, ఆ పేరున్న జిల్లాలో దొంగ కాగితాలతో ఐదు సెంట్లు సంపాదించుకోవడం నాకు ఎంతమాత్రం మింగుడుపడలేదు.

ఇవన్నీ నేను చెబుతుంటే బ్రోకర్ నవ్వుతూ "అందరూ చేస్తున్నదే సార్" అన్నాడు. అతని పక్కన ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు, పాతికేళ్లుంటాయేమో, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. బావగారు అతన్ని అడిగారు, "ఈ భూమి నీదేనా నాయనా?" అని. "మా పెదనాన్నది సార్. నా పేరున రాయిస్తామన్నారు" అన్నాడు. "మరి పెదనాన్న ఏం చేస్తాడు?" అంటే, "పై పోడు ఉంది కదా సార్, అక్కడికెల్తాడు" అన్నాడు, కొండ మీద చెట్లు కొట్టి సాగుచేసే పోడు వైపు చూపించి.

బావగారు ఇంకేమీ అడగలేదు. "పద" అన్నారు నాతో. కారులో తిరిగొస్తుంటే బ్రోకర్ రేటు రెండుసార్లు తగ్గించాడు, ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం టౌనులో టీ తాగాం. కొట్టాయన కుటుంబం వాళ్ల తాతల కాలంలో మైదానం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిందట. తన ఇల్లు తాను అమ్ముకోవాలన్నా గిరిజనులకే అమ్మాలి, వాళ్లిచ్చే ధర తక్కువ, అమ్మాయి పెళ్లికి ఇబ్బందయ్యింది అని ఆయన బాధ. అది నిజమైన బాధే. చట్టం అతన్నీ పట్టుకుంది, తప్పేమీ చేయకపోయినా. కానీ ఆ తలుపు ఒక్కసారి తెరిస్తే లోయలో రోడ్డు పక్క భూమి ఎన్నాళ్లు మిగులుతుందో ఆలోచిస్తే, నేను చట్టం పక్కనే నిలబడతాను.

మూడో రోజు: కాఫీ తోటలో, ఊట దగ్గర

ఈ రోజు గురించి రాయాలంటే నాకు ఎంత రాసినా సరిపోదు.

హోమ్‌స్టే తమ్ముడు పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగించి వాళ్ల తోటకి తీసుకెళ్లాడు. ఊరు దాటి గట్ల మీద నడిచి, గెడ్డ దాటి, అరగంట ఎక్కుడు. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల పాదులు, కింద నీడలో కాఫీ మొక్కలు. అంతా అరబికా రకం. మేం వెళ్లినది పళ్లు కోసే కాలం. ఒకే కొమ్మ మీద ఎర్ర పండూ పచ్చి కాయా పక్కపక్కనే ఉంటాయి, ఎర్రవి మాత్రమే వేళ్లతో ఒక్కొక్కటీ తీయాలి, అందుకే అదే మొక్క దగ్గరికి కొన్ని వారాల్లో మళ్లీ మళ్లీ రావాలి. పచ్చివి కలిస్తే రుచి చెడుతుంది, ధరా పడిపోతుంది. వాళ్లమ్మ మేం నాలుగు పళ్లు కోసేలోపు బుట్ట అడుగు కప్పేసింది. కోసిన రోజే తొక్క తీసి, కడిగి, ఆరబెట్టాలి. పొడి కొట్టాక కప్పులో కనిపించే కాఫీ ఇంత చాకిరీ దాటి వస్తుందని నాకు చదివి తెలుసు కానీ, ఆ వాలు మీద కాళ్లు జారకుండా నిలబడి కోస్తే తెలిసేది వేరు.

ఈ తోటలు ఊరికే రాలేదు. కొండ నరికి కాల్చి పోడు చేసే చోట కుటుంబానికి నిలకడైన ఆదాయం, కొండకి చెట్టు నీడ రెండూ దక్కాలని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు దశాబ్దాలుగా నాటిస్తూ వచ్చాయి. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, కాఫీతో పాటు తేనె, చింతపండు, కొండచీపుర్లు లాంటివన్నీ కొంటుంది.

తోటకి కాగితం ఏముంది అని బావగారు అడిగారు. ఆర్వోఎఫ్ఆర్ పట్టా ఉందన్నాడు తమ్ముడు. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకి కుటుంబానికి నాలుగు హెక్టార్లు మించకుండా ఇచ్చే హక్కు పత్రం అది. పిల్లలకి వస్తుంది, ఎవరికీ అమ్మడానికి లేదు. దాంతో ఒక చిక్కు కూడా చెప్పాడు: "ఇంకో రెండు గదులు కట్టుకుందామంటే బ్యాంకోళ్లు ఈ పట్టా తాకట్టు తీసుకోరన్నా. బయటోళ్లు మాత్రం డబ్బు సంచిలో తెచ్చి రిసార్టు కడదాం, నువ్వు పేరివ్వు చాలు అంటారు." చట్టం భూమిని కాపాడింది సరే, ఆ భూమి మీద బతుకు పెంచుకునే పెట్టుబడి ఎవరిస్తారు? ఈ ప్రశ్నకి ప్రభుత్వాలు ఇంకా గట్టిగా జవాబు చెప్పాలి.

తిరిగి వచ్చేటప్పుడు వేరే దారిలో తెచ్చాడు. పైన ఊట ఉంది, అక్కణ్ణుంచి పైపు వేసి ఊరికి నీళ్లు తెచ్చుకున్నారు. మోటారు లేదు, కరెంటు లేదు, పైనుంచి కిందికి నీరు దానంతటదే వస్తుంది. ఊట దగ్గరికి పూర్వం నేరుగా ఒక కాలిబాట ఉండేదట, పశువులూ అటే పోయేవట. ఇప్పుడు ఆ బాటకి అడ్డంగా పొడవాటి కాంపౌండు గోడ ఉంది. లోపల మూడు కాటేజీలు, తాళాలు వేసి ఉన్నాయి. ఎవరి పేరు మీద ఉన్నాయో ఊళ్లో అందరికీ తెలుసు, డబ్బెవరిదో కూడా తెలుసు. పైపు పగిలినప్పుడల్లా బాగుచెయ్యడానికి గోడ చుట్టూ తిరిగి, ముళ్లకంపలోంచి దూరి వెళ్లాలి. మేమూ అలాగే దూరి వచ్చాం. బావగారి చొక్కా చిరిగింది. ఆయన ఆ గోడని చేత్తో తట్టి, "మనకి చూపించిన ప్లాటు కింద కూడా గెడ్డ ఉంది కదూ" అన్నారు.

ఆ మధ్యాహ్నం పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూశాం. మ్యూజియంలో ఇక్కడి గిరిజన నృత్యం థింసా వాద్యాలు, పనిముట్లు బాగున్నాయి, తీరిగ్గా చూడండి. చాపరాయి దగ్గర రాళ్లు విపరీతమైన జారుడు, నీళ్లలోకి దిగేవాళ్లు జాగ్రత్త. బొంగు చికెన్ బండ్లు చాలా ఉన్నాయి, మేం హోమ్‌స్టేలో సామ అన్నం, రాజ్మా కూర తిన్నాం, నాకదే నచ్చింది.

నాలుగో రోజు: వంజంగి

మూడింటికి లేచి పాడేరు వైపు బయల్దేరాం. దగ్గర్లోని వంజంగి కొండెక్కితే తెల్లారేసరికి కాళ్ల కింద మేఘాలు పరుచుకుని ఉంటాయి, వాటి మధ్యలోంచి కొండ శిఖరాలు మాత్రం పైకి కనిపిస్తాయి. ఫోటోలు అందరూ చూసే ఉంటారు, అది నిజంగానే అలా ఉంటుంది. టార్చ్, మంచి పట్టున్న బూట్లు, మంచినీళ్లు తప్పనిసరి. తెచ్చిన సీసాలూ కవర్లూ తిరిగి తీసుకెళ్లడం కూడా తప్పనిసరి అనే నా ఉద్దేశం, కానీ అక్కడ పొదల్లో చూసింది చూస్తే చాలామంది అలా అనుకోవడం లేదు. ఒక గంట సేపు బావగారూ నేనూ కనబడ్డ చెత్త ఏరాం, మమ్మల్ని చూసి ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కూడా చెయ్యేశారు.

పాడేరులో టిఫిన్ చేస్తుండగా పక్క బల్ల మీద ఉన్న టీచరుగారితో మాటలు కలిశాయి. వన్ ఆఫ్ సెవెంటీ కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు గురించి చెప్పాడు. కేసు గెలవడం ఒక ఎత్తు, ఉత్తర్వు వచ్చాక ఆ భూమి మళ్లీ దున్నుకోవడం ఇంకో ఎత్తు అన్నాడు. 2025 ఫిబ్రవరిలో టూరిజం కోసం ఈ చట్టాన్ని సడలించాలన్న మాట పైకొచ్చినప్పుడు మన్యమంతా బంద్ చేశారు, చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. "ఆ రోజు షాపులు మూసింది ఎవరో చెబితే కాదండీ" అన్నాడాయన.

అయిదో రోజు: బొర్రా, ఆపైన కిందికి

దిగేటప్పుడు కారు మాట్లాడుకున్నాం, అనంతగిరి మీదుగా. బొర్రా గుహల్లో సున్నపురాయి మీద నీటిబొట్టు వేల ఏళ్లు కారి చేసిన రూపాలు, పైనుంచి వేలాడేవి, కిందినుంచి లేచేవి. గోస్తనీ నది ఈ కొండల్లోనే పుట్టి గుహల గుండా పారుతుంది. జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్తే మేలు.

గుహల కన్నా నాకు ఆ చుట్టుపక్కల ఊళ్లు చూడాలని ఎక్కువగా ఉంది. భూమి గురించి ఆలోచించేవాళ్లకి ఈ అనంతగిరి మండలం చాలా పెద్ద పేరు. ఇక్కడి కొండల్లో కాల్సైట్ తవ్వకాలకి ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీలకి లీజులిచ్చింది. నిమ్మలపాడు లాంటి ఊళ్ల గిరిజనులు ఎదురుతిరిగారు, వాళ్ల తరఫున సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టులో 1997 జులైలో గెలిచారు. వన్ ఆఫ్ సెవెంటీలో రాసిన 'వ్యక్తి' కిందికి ప్రభుత్వం కూడా వస్తుందనీ, కాబట్టి షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి లీజుకివ్వడం చెల్లదనీ తీర్పు. దేశమంతా చెప్పుకునే సమత తీర్పు ఇదే. ఆ పొలాలూ ఆ కొండలూ ఎదురుగా పెట్టుకుని బావగారికి చెప్పాను. ప్రభుత్వానికే కుదరని లీజుని ఆ బ్రోకర్ 99 ఏళ్లకి రాసిస్తానన్నాడు కదా, అన్నారాయన.

మరి చల్లటి చోట ఇల్లు? దారిలో అదే మాట్లాడుకున్నాం. ఏడాదికి రెండు మూడు నెలలు అదే హోమ్‌స్టేలో ఉంటే, వాళ్లకి నిలకడగా డబ్బు అందుతుంది, ఈయనకి నడవడానికి ఆ కొండలన్నీ ఉంటాయి, గోడ కట్టాల్సిన పని లేదు. బస ఎంచుకునేటప్పుడు ఇది ఎవరిదని అడగండి, సూటిగా అడగండి. ఇంటి మనుషులు నడిపేదైతే ఆ సంగతి వాళ్లే సంతోషంగా చెబుతారు. గదులు చూసేవాడికి యజమాని ఎవరో చెప్పడానికి నోరు రాకపోతే వేరే చోటు వెతుక్కోవచ్చు.

సొంత స్థలం కోరిక మాత్రం ఆయనకి పూర్తిగా పోలేదు. ఘాట్ దిగాక శృంగవరపుకోట దగ్గర ఇంకో రెండు చోట్ల ఆగాం. అక్కడ షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి ఎవరైనా కొనొచ్చు. అయితే కొండ పాదాల్లో ఉన్న గిరిజన గ్రామాలు తమనీ షెడ్యూల్డ్ ఏరియాలో కలపమని ఏళ్లుగా అడుగుతున్నాయి, ఆ ఊళ్లలో పేదలకిచ్చిన డి-పట్టాలు చేతులు మారిన కథలు చాలా ఉన్నాయి. అందుకని రెండు సర్వే నంబర్లు రాసుకున్నాం. బావగారు ఈసారి ఇల్లు ఎటు ముఖం పెట్టాలో చూడలేదు, ముందు భూమి రికార్డులు, అడంగల్, వన్ బీ అడిగారు. "జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అయితేనే చూద్దాం, డి-పట్టా అయితే వద్దు" అని అక్కడే చెప్పేశారు.

వాటిలో ఒకటి నిషేధిత భూముల 22-ఏ జాబితాలో ఉందని వారం తిరక్కుండానే తెలిసింది. రెండోదానికి ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయిస్తున్నారు. అరకులో గది మాత్రం మార్చి నెలాఖరుకి మళ్లీ చెప్పేశాం, కాఫీ పూత అప్పుడే అని తమ్ముడు చెప్పాడు, అక్క కూడా వస్తానంది.